చీటీ లేని పద్దులు

2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర అయిపోయిన తర్వాతి వారం, ఒక రైతు తక్‌పట్టీలో, అంటే అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే చీటీలో, 36 బస్తాలకు బదులు 26 అని రాశాను. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. పదిహేడేళ్లుగా ఇదే పని. మిర్చి సీజన్ తెలిసినవాళ్లకు ఆ రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. జాతరకు ఆగిన సరుకంతా ఒక్కసారి వచ్చి పడింది. యార్డులో కాలు పెట్టే జాగా లేదు. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ముక్కుకు తువ్వాల కట్టుకుని, కాంటా వేసే దడ్వాయి చెప్పే తూకం రాసుకుంటూ, మధ్యలో ఫోన్లు ఎత్తుతూ ఉన్నాను. ఆ రైతు గేటు దాకా పోయి, చీటీ చూసుకుని వెనక్కి వచ్చాడు. సేటు కాంటా పుస్తకం తెప్పించి చూశాడు. పది బస్తాల డబ్బు అక్కడికక్కడే ఇప్పించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మొత్తం పావుగంటలో అయిపోయింది.

నా తలలో మాత్రం అది ఐదు నెలలు నడిచింది.

ఆ రాత్రి పడుకున్నాక మొదలైంది. సేటు ఏమీ అనలేదంటే మనసులో పెట్టుకున్నాడన్నమాట. మనసులో పెట్టుకున్నాడంటే సీజన్ అయ్యాక తీసేస్తాడు. నలభై ఏళ్లు వచ్చినవాణ్ణి కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? బిడ్డ ఇంటర్ ఫీజు ఇంకో దఫా కట్టాలి. ఉంటున్నది కిరాయి ఇల్లు. గొర్రెల మందలో ఒకటి దూకితే మిగతావన్నీ దూకినట్టు, ఒక ఆలోచన వెనక ఇంకోటి. గంట తిరిగేలోపు నా భార్యనూ బిడ్డనూ రోడ్డు మీద నిలబెట్టేవాణ్ణి. చూస్తే ఇంట్లో మంచం మీదే ఉన్నాను, ఫ్యాను తిరుగుతోంది, పక్క గదిలో బిడ్డ నిద్రపోతోంది.

మరుసటి రోజు నుంచి, రాసిన ప్రతి తక్‌పట్టీని ఫోన్లో ఫొటో తీయడం మొదలుపెట్టాను. రాత్రి తిన్నాక దుప్పటి కప్పుకుని, ఆ ఫొటోలను పెద్దవి చేసి ఒక్కొక్క అంకె చూసేవాణ్ణి. ఇది 3 లాగే ఉందా, 8 లాగా కనబడుతోందా? చూడగానే ప్రాణం కుదుటపడేది. పది నిమిషాలకు మళ్లీ అనుమానం. మళ్లీ చూడటం. మే నెల వచ్చేసరికి ఫోన్లో రెండు వేలకు పైగా చీటీల ఫొటోలు ఉన్నాయి. బిడ్డ ఫొటో ఒకటి కావాలంటే వాటి మధ్య వెతుక్కోవాల్సి వచ్చేది.

మా వైపు దీన్ని రంది అంటాం. భయాన్ని బుగులు అంటాం. బుగులు పామును చూసినప్పుడు పుట్టి, పాము పోగానే పోతుంది. రందికి పాము అక్కర్లేదు. నాకు మొదట దుకాణం గురించే ఉన్న రంది, మెల్లగా అన్నిటికీ పాకింది. బిడ్డ కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే యాక్సిడెంట్. మా అన్న ఫోన్ ఎత్తకపోతే బాపుకు ఏదో అయింది. నా భార్య రెండు రోజులు దగ్గితే పెద్ద జబ్బు. మనిషిని చూస్తే మామూలుగానే ఉండేవాణ్ణి. టైముకు పనికి పోయేవాణ్ణి, అందరితో మాట్లాడేవాణ్ణి. ఇంట్లో మాత్రం నా మొహం చూసి నవ్వడం మానేశారు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సలహాలకు కొదవ లేదు. "మంచిగ ఆలోచించు అన్నా", "అది మనసుల పెట్టుకోకు", "పొద్దున లేచి అద్దం ముందట నిలబడి నేను మంచిగున్న అని పదిసార్లు అనుకో". అన్నీ చేశాను. వద్దనుకున్న కొద్దీ అదే వచ్చేది. కోతిని తలచుకోకుండా మందు తాగమన్నట్టే ఉండేది నా పరిస్థితి. మందు గ్లాసు కనబడితే చాలు, కోతి వచ్చి కూర్చునేది. అద్దం ముందు "నేను మంచిగున్న" అంటుంటే లోపలి నుంచి ఇంకో గొంతు "అబద్ధం" అనేది. ఆ రెండో గొంతు చెప్పేది కూడా అబద్ధం కావచ్చని అప్పుడు నాకు తట్టలేదు.

జూలైలో ఒక రాత్రి నా భార్య లేచింది. "ఏందయ్యా, రెండు గొట్టింది. ఇంకా ఆ ఫోన్ చూసుడేనా?" అని ఫోన్ లాక్కుని చూసింది. ఫొటోలు, ఫొటోలు, అన్నీ చీటీల ఫొటోలు. ఆమె తిట్టలేదు. మంచం అంచున కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నన్ను కదిలించింది. తెల్లారి ఎవరూ లేనప్పుడు మేడ మీదికి వెళ్లి 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. అవతల ఉన్న అమ్మాయి నేను చెప్పింది అంతా విని, "నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని నేరుగా అడిగింది. అనిపించలేదని చెప్పాను. అట్లా నేరుగా అడగడం వల్ల గుండె బరువు కొంచెం దిగినట్టు అయింది. ఒకసారి సైకియాట్రిస్టును కలవమని చెప్పింది.

కలిశాను. ఆయన ముందు థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాశారు. అవి బాగానే ఉన్నాయి. నిద్రకు కొన్ని వారాలు మాత్ర ఇచ్చి, హన్మకొండలో ఉండే ఒక సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు. ఈ సంగతి తెలిసి మా బామ్మర్ది, "పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నవని తెలిస్తే రేపు పిల్ల పెళ్లికి అడ్డం రాదా బావా?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, చాలామంది ఇట్లాగే అనుకుంటారు. కానీ ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది ఆ మెట్లు ఎక్కకుండా ఆగిపోతున్నారో తలచుకుంటే బాధేస్తుంది. కాలు విరిగితే కట్టు కట్టించుకున్నవాడికి పిల్లను ఇవ్వం అని ఎవరైనా అంటారా?

మేడం దగ్గరికి వారానికి ఒకసారి, ముప్పావుగంట. మొత్తం పన్నెండుసార్లు వెళ్లాను. ఆమె చేసేదాన్ని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారట. 1960ల మొదట్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు, దిగులుతో వచ్చే రోగులతో మాట్లాడుతూ ఒక సంగతి గమనించాడు. వాళ్లు పైకి ఏదో చెబుతుంటే, దాని కిందుగా వేరే మాటలు వేగంగా నడుస్తున్నాయి. "నేను పనికిరాను", "ఈయనకు నా మాటలు విసుగ్గా ఉన్నాయి" లాంటివి. వాళ్లు పిలవకుండానే వస్తున్నాయి. వచ్చినట్టు కూడా సరిగా తెలియదు, గుండె బరువు మాత్రమే తెలుస్తుంది. ఆ మాటలను పట్టుకుని, నిజమో కాదో చూడటం నేర్పితే రోగి తేరుకుంటాడని ఆయన పట్టు. ఇది విన్నప్పుడు నాకు మా దుకాణంలో రేడియో గుర్తొచ్చింది. పొద్దంతా మోగుతుంటుంది, ఏం పాట వచ్చిందని అడిగితే ఒక్కరికీ తెలియదు.

మేడం ఒక తెల్ల కాగితం తీసుకుని నిలువు గీతలు గీసింది. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట వచ్చింది, భయం వందకు ఎంత, ఆ మాటకు ఆధారం ఏముంది, ఎదురు ఆధారం ఏముంది, ఇప్పుడు భయం ఎంత. నాకు చూడగానే చేతికి వచ్చిన పనిలాగా అనిపించింది. "ఇది మా చిట్టానే మేడం" అన్నాను. ఆమె నా పని గురించి అడిగింది. చీటీ లేకుండా పద్దు రాస్తారా అని అడిగింది. "రాయను. సేటు నోటితో చెప్పినా రాయను. చీటీ రావాలి" అన్నాను. అని, నేనే ఆగిపోయాను. పదిహేడేళ్లలో ఒక్క పద్దు కూడా చీటీ లేకుండా ఎక్కించనివాణ్ణి, నా తలలో సేటు నన్ను తీసేస్తాడన్న పద్దును ఐదు నెలలుగా రోజూ ఎక్కిస్తున్నాను. చీటీ ఏదీ? సేటు మాట్లాడకపోవడం. అదొక చీటీయా?

ఆ రోజు బస్టాండ్ దగ్గర వంద పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఆధారం అన్న మాట కొట్టేసి చీటీ అని రాసుకున్నాను.

మొదటి వారాల్లో రాసిన ఒక పద్దు ఇట్లా ఉంది. "ఆగస్టు 22, గురువారం. సాయంత్రం 6.10. బిడ్డ ఇంకా రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. మాట: బస్సుకు ఏదో అయింది. భయం 90. చీటీ: ఆలస్యం, ఫోన్ ఎత్తకపోవడం. ఎదురు చీటీ: కాలేజీలో ఫోన్ సైలెంట్‌లో పెడుతుంది, తీయడం మరిచిపోతుంది. వాన పడితే పోచమ్మ మైదాన్ దగ్గర బండ్లు ఆగుతాయి, ఇవాళ వాన పడింది. జూన్ నుంచి పదకొండుసార్లు ఆలస్యమైంది, పదకొండుసార్లూ ఇంటికి వచ్చింది. భయం 60." ఆరున్నరకు ఆమె తడిసిన గొడుగుతో వచ్చింది.

తొంభై నుంచి అరవైకి వచ్చినందుకు నేను సంతోషపడలేదు. సున్నా కావాలనుకున్నాను. రాసింది పనిచేయలేదని మేడంతో అన్నాను. "తొంభై కాయల్లో ముప్పై కాయలు ఏరేశారు. తక్కువా?" అంది ఆమె. తర్వాత, భయం తగ్గడం కోసం రాస్తే ఇదీ ఫొటోల్లాగే అవుతుందని చెప్పింది. ఆ మాట నాకు అర్థమవడానికి నెల పట్టింది. ఫొటో చూస్తే హాయిగా ఉండేది, అందుకే మళ్లీ చూసేవాణ్ణి. బిడ్డకు ఫోన్ చేస్తే హాయిగా ఉండేది, అందుకే సాయంత్రం ఐదారుసార్లు చేసేవాణ్ణి. చూసిన ప్రతిసారీ నా మనసు నేర్చుకున్నది ఏమిటంటే, చూశాను కాబట్టి బతికిపోయాను అని. చూడకపోయినా బతికేవాణ్ణేనని తెలుసుకునే వీలు దానికి నేను ఇవ్వలేదు.

అందుకే పరీక్ష పెట్టుకున్నాం. మూడు వారాలు, కాలేజీ ఉన్న పదిహేను రోజులు, సాయంత్రం ఏడు దాకా బిడ్డకు ఫోన్ చేయకూడదు. చేయాలనిపించినప్పుడు ఏం జరుగుతుందని నా మనసు చెబుతోందో తేదీతో రాయాలి, రాత్రి దాని పక్కన ఏం జరిగిందో రాయాలి. చెప్పడం తేలిక. మొదటి రోజు ఆరు నుంచి ఆరున్నర దాకా వాకిట్లో నడిచాను, చేతులు చెమట పట్టాయి. నాలుగో రోజు ఓడిపోయి ఫోన్ చేశాను, అదీ రాశాను. తొమ్మిదో రోజు బస్సు టైరు పంక్చరై నలభై నిమిషాలు ఆలస్యమైంది. నాకు తెలిసిన అన్ని దేవుళ్లకూ మొక్కాను, ఫోన్ మాత్రం చేయలేదు. పదిహేను రోజులకు పదిహేను జోస్యాలు. ఒక్కటీ జరగలేదు. ఒక అడ్తిదారు పదిహేను రోజులు వరసగా రేటు తప్పు చెబితే, పదహారో రోజు అతని మాట మీద సరుకు ఆపుకునే రైతు ఉంటాడా? నా మనసు మాట మీద నేను ఆపుకుంటూ వచ్చాను.

ఇంకో సాధన, రందికి వేళ పెట్టడం. పగలు ఏ రంది వచ్చినా ఒక మాటలో చీటీ మీద రాసి జేబులో వేసుకోవాలి. ఆరున్నర నుంచి ఆరూ యాభై దాకా మేడ మెట్ల మీద కూర్చుని ఆ చీటీలు తీసి రంది పడాలి. సగం చీటీలు సాయంత్రానికి చదివితే ఏమీ అనిపించేది కాదు. మిగిలిన వాటిలో కొన్ని నిజమైన కష్టాలే. ఫీజు గడువు అట్లాంటిది. దానికి నోట్‌బుక్ పనిచేయదు, కాలేజీకి వెళ్లి రెండు దఫాలుగా కడతానని అడగాలి. అడిగాను, ఒప్పుకున్నారు. ఏ చీటీకి పని ఉందో, ఏ చీటీకి లేదో వేరు చేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. పేదరికాన్ని కూడా ఆలోచన తప్పని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. మేడం ఎప్పుడూ అట్లా చెప్పలేదు.

ఏడో వారమో ఎనిమిదో వారమో, "రాత్రిపూటే ఎందుకు ఎక్కువ?" అని మేడం అడిగింది. తెలియదన్నాను. ఇంటికి వచ్చాక తెలిసింది.

మాది పరకాల దగ్గర ఊరు. 1997-98లో మా జిల్లాలో పత్తి పోయింది. వానలు, తర్వాత లద్దెపురుగు. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, మందుల అప్పు మిగిలింది. వరంగల్ జిల్లాలో ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడు అది. మా వాడకట్టులో ఒక ఇంట్లోనూ జరిగింది. మా బాపు కూడా అప్పుల్లో ఉన్నాడు. మా అవ్వ, అంటే అమ్మ, ఆయన్ను ఒంటరిగా చేనుకు పోనిచ్చేది కాదు. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. రాత్రి బాపు మంచం కిర్రుమంటే లేచి కూర్చునేవాణ్ణి. తలుపు గొళ్లెం చప్పుడైతే వెనకే పోయేవాణ్ణి. అట్లా ఎన్ని నెలలో లెక్క లేదు. బాపు బతికాడు. ఆ అప్పు తీర్చాడు. ఆ పిల్లవాడికి మాత్రం ఇక పడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇది చెప్పినప్పుడు మేడం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు మీ దగ్గర చీటీ ఉంది" అంది. అవును, అప్పుడు ఉంది. ఆ ఊళ్లో, ఆ ఏడు, ఆ బుగులు తప్పుడు పద్దు కాదు. పాత లెక్క పుస్తకం మూయకుండా దాంట్లోనే ఇప్పటి పద్దులు ఎక్కిస్తున్నాను.

ఆ ఆదివారం ఊరికి పోయాను. బాపుకు డెబ్బై దాటాయి. వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎన్నడూ అడగనిది అడిగాను. "ఆ పత్తి పోయిన యాడాది యాదికున్నదా బాపు? నువ్వు లేచినప్పుడల్లా నేను లేస్తుంటి." బాపు చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. "నాకు ఎరుకే కొడుకా. నువ్వు మేల్కొని ఉన్నవనే నేను గడప దాటలే" అన్నాడు. మేమిద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. అవ్వ ఛాయ్ తెచ్చింది, తాగాం. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వరంగల్ దాకా ఏడ్చాను. ఏళ్ల తర్వాత ఆ రాత్రి ఆరు గంటలు పడుకున్నాను.

అన్నిటికంటే పెద్ద పరీక్ష సేటుతో. నవంబరులో, పత్తి సీజన్ మధ్యలో, మధ్యాహ్నం దుకాణం ఖాళీ అయినప్పుడు అడిగాను. ముందే నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "కోపంగా చూస్తాడు, సీజన్ తర్వాత చూద్దాం అంటాడు. భయం 85." "సేటు, జాతర తర్వాత ఆ ముప్పై ఆరు బస్తాల చీటీ తప్పు పోయింది కదా. అది మీ మనసులో ఉన్నదా?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీశాడు. "యాదికున్నది. అప్పటిసంది బస్తాల లెక్క నేను మళ్లా ఒకసారి చూసుకుంటున్న. నీది ఒక్కనిదే కాదు, ముగ్గురిది. మొన్న నేను రాసిన దాంట్లనే ఒకటి తప్పు దొరికింది." కళ్లద్దాలు పెట్టుకుని, "ఎందుకడిగినవ్?" అన్నాడు. ఊరికే అన్నాను. ఆ రాత్రి పద్దు పూర్తి చేశాను. సేటు మరిచిపోలేదు, నా లెక్క మళ్లీ చూస్తున్నాడు, ఇవి నిజమే, చీటీ ఉంది. తీసేయాలనుకోవడానికి చీటీ లేదు. అంతా మంచే అని రాసుకోవాల్సి వస్తే నేను నమ్మేవాణ్ణి కాదు. రెండు వైపులా ఉన్నది ఉన్నట్టు రాసినందుకే నమ్మాను. ఆ రాత్రే ఫోన్లోని చీటీల ఫొటోలన్నీ తీసేశాను.

మళ్లీ రాలేదా అంటే, వచ్చింది. 2025 ఫిబ్రవరి చివర్లో మిర్చి పోటెత్తగానే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. తొమ్మిది రోజులు తీశాను. ఇంత చేసి మళ్లీ మొదటికి వచ్చానని కుంగిపోయాను. మేడంకు ఫోన్ చేస్తే ఒకసారి రమ్మంది. "మొదటికే వచ్చాను అన్న మాటకు చీటీ చూపించండి" అంది. పోయిన ఏడాది ఐదు నెలలు, ఈసారి తొమ్మిది రోజులు. పోయిన ఏడాది నా భార్య ఏడ్చాక గానీ తెలియలేదు, ఈసారి నాకే తెలిసింది. పాత నోట్‌బుక్ తీసి, తెలిసిన గీతలే మళ్లీ గీశాను.

జూన్‌లో బిడ్డ హైదరాబాద్‌లో డిగ్రీలో చేరింది, హాస్టల్లో ఉంటోంది. మొన్న దసరా సెలవులయ్యాక రైలెక్కించి వచ్చాం. దిగగానే చేస్తానంది. తొమ్మిదిన్నర అయింది, చేయలేదు. ఒకసారి చేశాను, ఎత్తలేదు. నోట్‌బుక్ తీశాను. మాట: ఏదో అయింది. భయం 70. చీటీ: ఫోన్ రాకపోవడం. ఎదురు చీటీ: రైలు గంట ఆలస్యమని ఫోన్లో కనబడుతోంది, పక్కన ముగ్గురు స్నేహితురాళ్లు ఉన్నారు, ఛార్జింగ్ తక్కువ ఉందని ఎక్కేటప్పుడే చెప్పింది. భయం 40. నలభైతోనే లైటు తీసేశాను.

పొద్దున ఐదున్నరకు లేచి చూస్తే ఫోన్లో మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మూడూ బిడ్డవే, పదిన్నర నుంచి పదకొండు మధ్య. కింద ఒక మెసేజ్. "డాడీ, హాస్టల్‌కు వచ్చిన. ఎత్తుతలేవేంది? పండుకున్నవా?"